స్వామికి కొట్టిన హారన్

మా బజారులో నడిచేవాళ్ళకు విడిగా చోటంటూ లేదు. చీరల కొట్ల మెట్లు ఒక్కొక్కటే ముందుకు జరిగి కాలిబాటను ఎప్పుడో మింగేశాయి. మెట్ల ముందు బైకులు నిలబెడతారు. బైకుల ముందు పండ్ల బండ్లు, గాజుల బండ్లు. వాటి ముందు జనం. జనాన్ని ఒరుసుకుంటూ మేము. కల్లూరు నుంచి కర్నూలు పాత బజారు దాకా పద్నాలుగేళ్ళుగా షేర్ ఆటో నడుపుతున్నాను. ఆ వీధిలో ఏ కొట్టు మెట్టు ఎంత ముందుకు వచ్చిందో కళ్ళు మూసుకుని చెప్పగలనని గొప్పగా అనేవాణ్ణి. ఇప్పుడు అనను.

వీధి మధ్యలో, మలుపు దగ్గర, ఆంజనేయస్వామి గుడి ఉంది. ఒక గదంత గుడి. తలుపు తెరిస్తే స్వామి నేరుగా రోడ్డుకే కనబడతాడు. మా స్టాండులో ఆ గుడి ముందు నుంచి మొక్కకుండా పోయే డ్రైవరు లేడు. బండి ఆపి దిగి మొక్కడానికి వీలుండదు, ఆపితే వెనక పది బండ్లు అరుస్తాయి. అందుకని గుడి దగ్గరికి రాగానే ఒకసారి హారన్ కొడతాం. లోపలికి పోయి గంట కొట్టినట్టన్నమాట. ఆ వెంటనే కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి, తల గుడి వైపు తిప్పి, చెయ్యి కళ్ళకూ గుండెకూ తాకిస్తాం. మళ్ళీ చెయ్యి హ్యాండిల్ మీదికి వస్తుంది. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను స్టాండులో చేరిన మొదటి రోజే మా పెద్దాయన రామకోటయ్య పక్కన కూర్చుని నేర్పించాడు. గేరు మార్చడం నేర్పినట్టే నేర్పించాడు. పద్నాలుగేళ్ళలో ఒక్క ట్రిప్పు కూడా మొక్కు తప్పలేదు.

గుడి పక్కన పూలమ్మే మద్దమ్మ ఒక్కతే దీన్ని గురించి మాట్లాడేది. ఆషాఢంలో ఒకరోజు నా బండి అద్దానికి ఒక ముసలాయన పైగుడ్డ కొస తగులుకుంది. బండి ఆయన్ను రెండడుగులు లాక్కుపోయింది. గుడ్డ చిరిగింది కాబట్టి మనిషి మిగిలాడు. ఆయన తిడుతూ పోయాడు, చూసినవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మద్దమ్మ మాత్రం మూర కొలుస్తున్న పూలు ఒళ్ళో పెట్టుకుని నావైపు చూసింది.

"ఏమప్పా వేణూ, నువ్వు సామిని చూస్తాండావు. సామి నిన్ను చూస్తాండాడు. బాగుండాది. మరి రోడ్డును ఎవరు చూస్తాండారు?"

"నువ్వు చూస్తాండావు కదా అవ్వా" అన్నాను.

"నాకు చూపు ఆనదు నాయనా, అద్దాలు మార్చాల" అంది మద్దమ్మ. అక్కడున్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఆ రోజు తర్వాత ఆమె మాట నాలుగైదు సార్లు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చిన ప్రతిసారీ ఏదో దోషం తగిలినట్టు అనిపించి, ఇంకాస్త భక్తిగా మొక్కేవాణ్ణి.

శ్రావణమాసం మొదటి శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం చీరలకు జనం ఊళ్ళ నుంచి దిగారు. సాయంత్రం ఆరున్నర. వీధిలో దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. బండిలో ఏడుగురు ఉన్నారు. గుడి తలుపులు తెరిచి ఉన్నాయి. స్వామికి ఆకుపూజ చేసినట్టున్నారు, ఒళ్ళంతా పచ్చగా మెరుస్తోంది. హారన్ కొట్టాను. చెయ్యి తీశాను. తల తిప్పాను. అంత అలంకారం చూసి ఆ రోజు ఇంకో క్షణం ఎక్కువే చూశాను.

ఎడమ వైపు మెత్తగా ఏదో తగిలింది. గోనె సంచీ తగిలినట్టు. ఆ తర్వాత రాతి మీద ఒక చిన్న చప్పుడు.

దిగి చూస్తే చీరల కొట్టు మెట్టు దగ్గర ఏసుమణి పడి ఉంది.

ఏసుమణి నాకు తెలియని మనిషి కాదు. కల్లూరులోనే ఉంటుంది. రెండేళ్ళుగా పొద్దున తొమ్మిదిన్నరకు నా ఆటోలోనే బజారుకు వచ్చి, ఆ వీధిలోనే ఒక పెద్ద చీరల కొట్లో పని చేస్తోంది. ఆమె భర్త నెహెమ్యా బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ పని చేస్తాడు, శనివారం సాయంత్రం రైలుకు వస్తాడు. కొట్లో పనికి పోవడం అత్తకు ఇష్టం లేదని, నెహెమ్యాను ఒప్పించడానికి ఆరు నెలలు పట్టిందని, బండిలో పక్కవాళ్ళతో చెబుతుంటే విన్నాను. కొత్త చీరలు మడత విప్పి చూపించడం గురించి ఆ పిల్ల చెబుతుంటే బండిలో ఆడవాళ్ళంతా దిగే చోటు మరిచిపోయేవాళ్ళు.

నేను వంగేలోపలే లేచి కూర్చుంది. నెత్తుటి చుక్క లేదు. చెవి పైన తల తడుముకుంది. అప్పటికే జనం మూగారు. నేను నోరు తెరవనే లేదు. వాళ్ళే చెప్పేశారు. డ్రైవరు హారన్ కొట్టాడని ఒకరు, తాము చెవులారా విన్నామని ఇంకొకరు, ఇప్పటి పిల్లలు ఏ లోకంలో నడుస్తారో తెలియదని మరొకరు. బండిలోని ఏడుగురూ ఔనన్నారు. మలుపు దగ్గర ఉండే ట్రాఫిక్ హెడ్ కానిస్టేబులు శాంతయ్య వచ్చి, హారన్ కొట్టినావా అని నన్ను అడిగాడు.

"కొట్టినాను సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. శాంతయ్య చిన్న పుస్తకంలో నా బండి నంబరు, ఆమె పేరు రాసుకుని, హారన్ ఇచ్చినా వినకుండా అడ్డం వచ్చినట్టు రాసుకున్నాడు. ఏసుమణి సిగ్గుతో తల వంచుకుంది. తనకేమీ కాలేదని, పొరపాటు తనదేనని, మా ఇంట్లో మాత్రం చెప్పొద్దన్నా అని నాతో మెల్లగా అంది. చెప్పనని మాటిచ్చాను. మద్దమ్మ వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. పూలు కడుతూనే ఉంది.

మరునాడు శనివారం. పొద్దున్నే స్నానం చేసి గుడికి పోయి టెంకాయ కొట్టాను. ఎంత పెద్ద గండం ఎంత చిన్నదిగా పోయిందో అనుకున్నాను. స్వామి దయ అని నిజంగానే నమ్మాను. అంతకు మించి ఆలోచించలేదు.

తొమ్మిదిన్నరకు ఏసుమణి వచ్చి బండెక్కింది. తలకు రుమాలు కట్టుకుంది. బండి కుదుపు తలలోకి పోతోంది, కొంచెం నిదానంగా పోన్నా అని అడిగింది. ఆ రోజు పక్కవాళ్ళతో మాట్లాడలేదు. కమ్మీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. అద్దంలో ఆమెను చూస్తూనే నడిపాను. అయినా గుడి రాగానే చెయ్యి దానంతట అదే హారన్ మీదికి పోయింది. హారన్ మోగగానే ఆమె ఒళ్ళంతా ఉలిక్కిపడింది. నా కుడిచెయ్యి అప్పటికే గుండె మీద ఉంది. ఆ చేతిని నేను ఎత్తలేదు. అది లేచింది. దిగి పోతూ ఆమె ఒక మెట్టుకు బదులు రెండు మెట్లున్నట్టు కాలు పైకెత్తి వేయడం చూశాను. చూసి ఊరుకున్నాను.

సోమవారం ఆమె స్టాండుకు రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. అనుకున్నానే గాని ఆ రోజంతా ప్రతి ట్రిప్పులో ఆమె కూర్చునే మూల ఖాళీగా ఉంటే చూడలేక, ముందు ఎక్కిన వాళ్ళను అక్కడికి జరగమని చెబుతూ వచ్చాను.

మంగళవారం మధ్యాహ్నం మద్దమ్మ బండి ఆపింది. ఆ పిల్లను పెద్దాసుపత్రిలో చేర్చారని చెప్పింది. ఆదివారం చర్చిలోనే వాంతి చేసుకుందట. ఎండకు అనుకున్నారట. సోమవారం రాత్రికి మాటలు కలగాపులగమయ్యాయట. తలలో రక్తం గడ్డ కట్టిందని, అది పెరుగుతోందని, రేపు పొద్దున తల తెరవాలని డాక్టర్లు చెప్పారట. పడిన రోజే తీసుకొచ్చి ఉంటే బాగుండేదన్నారట. తిడతారని ఇంట్లో తలనొప్పి సంగతే చెప్పలేదట ఆమె.

ఇంత చెప్పి మద్దమ్మ, ఇక నన్నేమీ అడగకుండా, వెనక్కి తిరిగి పోయింది. అడిగి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి.

ఆ సాయంత్రం స్టాండులో ఇదే మాట. హారన్ కొట్టినా వినకపోతే డ్రైవరు ఏం చేస్తాడని అందరూ నన్నే ఓదార్చారు. నేను రామకోటయ్యను పక్కకు పిలిచి, ఆ హారన్ ఆమెకు కొట్టలేదని చెప్పాను. ఆ క్షణంలో నా కళ్ళు రోడ్డు మీద లేవని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పదిహేడేళ్ళుగా శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే మనిషి.

"నీ తప్పు నువ్వు ఒప్పుకుంటానంటే నేను వద్దనను" అన్నాడు. "కానీ సామికి మొక్కతాంటే గుద్దినానని చెప్పొద్దు. రేపు పేపర్లో ఏమని వస్తాదో ఆలోచన చెయ్యి. నీమీద కాదప్పా, సామిమీద పడతాది ఆ మాట. మనమే సామిని బోనులో నిలబెట్టినట్టు."

ఆ మాట నన్ను నిలబెట్టేసింది. నిజమే కదా అనిపించింది. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. పొద్దున దీపం, శనివారం ఉపవాసం, ఏడాదికోసారి కొండ. నాకు తెలిసిన దైవం ఇంతే. ఆ స్వామికి నా వల్ల చెడ్డపేరు రావడం కన్నా నేను నోరు మూసుకోవడమే మేలేమో అనుకుంటూ ఇంటికి పోయాను.

నా భార్య శ్రీదేవి అన్నం వడ్డించింది. జరిగింది చెప్పాను. రామకోటయ్య అన్నది కూడా చెప్పాను.

"సామి ఎప్పుడన్నా అడిగినాడా, నాకు హారన్ కొట్టమని?" అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. అడగలేదనే అనుకుంటాను. ఆయనకు ఎవరి హారనూ అక్కర లేదు. ఏసుమణికి ఆ రెండు క్షణాలు నా కళ్ళు కావలసి వచ్చాయి. ఎవరికి కావలసింది ఎవరికి ఇచ్చాను? ఇది పాపమా, పొరపాటా? దేవుని పనిలో ఉండగా జరిగిన తప్పు దేవుని లెక్కలోకి పోతుందా, నా లెక్కలోనే ఉంటుందా? అన్నం ముట్టకుండా లేచాను.

బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు ఆసుపత్రిలో ఉన్నాను. ఆపరేషన్ పది గంటలకు. వార్డు బయట వరండాలో ఏసుమణి అత్త నేల మీద కూర్చుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, పెదవులు కదుపుతోంది. లోపల ఏసుమణి మంచం పక్కన నెహెమ్యా నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి. రాతిపొడి గోళ్ళ సందుల్లో తెల్లగా ఉండిపోయింది. నన్ను చూసి ఆటో వేణన్న కదా అన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. కూర్చోమని స్టూలు జరిపాడు.

"నీదేం తప్పు లేదన్నా. బజారంతా చెప్పింది నాకు" అన్నాడు. "నేను దీనికి ఎన్నిసార్లు చెప్పినానో. రోడ్డు మీద నడిచేది రాదు, పనికి పోవద్దే అని. ఇంక బాగైనా సరే, గడప దాటనియ్యను."

ఏసుమణికి జుట్టు తీసేశారు. ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆమె వింటోంది. ఒక చెయ్యి దుప్పటి మీద మెల్లగా కదులుతోంది, మడత సర్దుతున్నట్టు. నన్ను గుర్తు పట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"వేణన్నా" అంది. మాట ముద్దగా వచ్చింది. "నాకు సరిగ్గా గుర్తు లేదు. అందరూ అడ్డమొచ్చినావని అంటాండారు. నేను అడ్డమొచ్చినానా?"

నెహెమ్యా ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇప్పుడవన్నీ ఎందుకు, ఊరికే ఉండు అన్నాడు. ఆమె ఉండలేదు.

"హారన్ ఇనపడిందన్నా. అది గుర్తుండాది. గుడి కాడ హారన్ అంటే సామికి గదా. ఆడ హారన్ కొడితే ఎవరూ తిరిగి చూడరు. నేనూ చూడల్యా. అది నాకు కొట్టినావా?"

పద్నాలుగేళ్ళుగా ఆ మలుపులో హారన్ కొడుతున్నాను. ఆ చప్పుడు నడిచేవాళ్ళకు ఏమని వినబడుతుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. వీధిలో ఇంకెక్కడైనా హారన్ మోగితే జనం ఒదుగుతారు. ఆ గుడి ముందు ఒదగరు. ఒదగకుండా వాళ్ళకు అలవాటు చేసింది మేమే. బండి వస్తోందని చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క చప్పుడును మేము స్వామికి ఇచ్చేసి, అక్కడ నడిచేవాళ్ళకు ఏమీ మిగల్చలేదు. పైగా అదే హారన్‌ను సాక్ష్యంగా చూపించి ఈ పిల్లను తప్పుపట్టాం.

"నీకు కొట్టలేదమ్మా" అన్నాను. "సామికే కొట్టినాను. నిన్ను నేను చూడనే లేదు. నువ్వు అడ్డం రాలేదు. నువ్వు పక్కనే నడుస్తాండావు. నేనే నీ మీదికి వచ్చినాను."

ఏసుమణి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అంది.

"నాతో కాదన్నా. ఈయప్పతో చెప్పు."

నెహెమ్యా అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. అయినా ఆమె చెప్పమంది కాబట్టి లేచి నిలబడి, అతని ముఖం చూస్తూ మొదటి నుంచి చెప్పాను. హారన్, చెయ్యి, తల తిప్పడం, ఆకుపూజ అలంకారం, శాంతయ్య అడిగితే నేనిచ్చిన జవాబు. ఏదీ దాచలేదు. రామకోటయ్య వద్దన్న మాట కూడా చెప్పాను. స్వామికి దీంతో సంబంధం లేదని, చెయ్యి నాదని, కళ్ళు నావని చెప్పాను.

అతను నన్ను కొట్టి ఉంటే బాగుండేది. గోళ్ళలోని పొడిని బొటనవేలితో గీకుతూ నిలబడ్డాడు.

"ఎంతసేపు?" అన్నాడు.

"ఏమిటి?"

"కళ్ళు రోడ్డు మీద లేనిది. ఎంతసేపు?"

"ఆంజనేయా అనుకునేంతసేపు" అన్నాను.

అతని పెదవులు కదిలాయి. ఆ పేరును లోపల పలికి, దాని పొడవు కొలుచుకున్నాడు. తరువాత భార్య వైపు తిరిగాడు. ఇందాక గడప దాటనియ్యనన్న మాట వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాలేదు. దుప్పటి మీద కదులుతున్న ఆమె చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇద్దరు వార్డుబాయిలు స్ట్రెచర్ తెచ్చారు.

ఆమెను ఎత్తి పడుకోబెట్టేటప్పుడు నెహెమ్యా ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క మనిషి తక్కువయ్యాడు. ఎవరూ పిలవలేదు గాని నేను పట్టుకున్నాను. అతను వద్దనలేదు. థియేటర్ తలుపు దాకా ఇద్దరం నడిచాం. తలుపు మూసుకుంది. అత్త వరండాలోంచి లేచి వచ్చి గోడకు ఆనుకుంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

"డాక్టరు బయటికి రానీ" అన్నాడు నెహెమ్యా నావైపు చూడకుండా. "వచ్చినాక ఇద్దరం స్టేషన్‌కు పోదాం. ఈడ చెప్పింది చెప్పినట్టు ఆడ కూడా చెప్పాల. అంతదాకా యాడికీ పోవద్దు."

పోనన్నాను. బెంచీ మీద ఈ చివర నేను, ఆ చివర అతను కూర్చున్నాం. రామకోటయ్య రెండుసార్లు ఫోను చేశాడు, తీయలేదు. పది దాటింది. పదకొండు దాటింది. గంటన్నర పడుతుందన్నారు. పన్నెండున్నర అయినా తలుపు తెరుచుకోలేదు. ఒకసారి ఒక నర్సు వేగంగా బయటికి వచ్చి, ఏదో సీసా తీసుకుని అంతే వేగంగా లోపలికి పోయింది. ఆమె ముఖం చూసి ఏమైనా తెలుస్తుందేమోనని ఇద్దరం ఒకేసారి తలలెత్తాం. ఏమీ తెలియలేదు.

దేవుణ్ణి తలుచుకోవాలనుకున్నాను. అలవాటైన పేరు నోటిదాకా వచ్చి ఆగింది. ఆ పేరు పలకడానికి ఎంతసేపు పడుతుందో ఇప్పుడు నాకూ, బెంచీ ఆ చివర కూర్చున్న మనిషికీ తెలుసు. అందుకని ఊరికే ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. రెప్ప వేయడానికి కూడా భయంగా ఉంది.

ఒంటిగంట కావస్తుండగా తలుపు సగం తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో ఒకాయన తల బయటికి పెట్టి, ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు.

"ఏసుమణి తాలూకు ఎవరు?"

నెహెమ్యా లేచాడు. నేనూ లేచాను.